మంత్రానికి అంటుకున్న పేరు

వీరుడెవరని అడిగితే మనం కత్తి పట్టినవాడినే చూపిస్తాం. ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట మాత్రం మరొకరిని చూపిస్తుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రై మాట్లాడతారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. వీధి భాగవతంలో తర్వాత ఏమవుతుందో వేషగాళ్ళకి కూడా తెలియకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది.

ఆట ముగిశాక ఎవరు గుర్తుంటారు? 1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకం తెరిచి చూడండి. బరువులు మోసే తేలియాడే పళ్ళెం మంత్రానికి టెన్సర్ పేరుంది. టెన్సర్ గైగాక్స్ కొడుకు ఆడిన మాంత్రికుడు. ‘ఎర్నెస్ట్’ అన్న ఇంగ్లీషు అక్షరాలను అటూ ఇటూ మార్చి ఆ పేరు పెట్టారు. ‘జిమ్ వార్డ్’ని వెనకనుంచి చదివితే డ్రామిజ్. మోర్డెన్‌కైనెన్ సాక్షాత్తూ గైగాక్స్ పాత్ర. ఇంతమందీ మాంత్రికులే కావడం యాదృచ్ఛికం కాదు. మంత్రానికి పుస్తకంలో ఒక శీర్షిక కావాలి, శీర్షికలో పేరు ఇముడుతుంది. కత్తివేటుకి శీర్షిక ఉండదు.

రోబిలార్‌నే తీసుకోండి. రాబ్ కుంట్జ్ ఆడిన ఈ యోధుడు, ఎందరో ప్రాణాలు పోగొట్టుకునే ‘టూంబ్ ఆఫ్ హారర్స్’లోకి వెళ్ళి సొమ్ముతో బయటపడ్డాడు. ఆ సంగతి ఆట చరిత్ర తిరగేసేవాళ్ళకే తెలుసు. టెన్సర్ పేరు నిన్న ఆట మొదలెట్టిన పన్నెండేళ్ళ పిల్లకి కూడా తెలుసు. రోబిలార్‌కి ముందు నడిచి ఉచ్చుల్లో పడి చచ్చిన ఓర్కు సేవకులకైతే అసలు పేర్లే లేవు. నా దృష్టిలో ఆ సమాధి కథలో నిజంగా మూల్యం చెల్లించింది వాళ్ళే.

సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చదవడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి ఇంకో విషయం నా కంట పడింది. 2000లో ఆట హక్కుదారులు మూల నియమాలను ఎవరైనా వాడుకోవచ్చని ఓపెన్ లైసెన్సు కింద విడుదల చేశారు. అందులో మంత్రాలున్నాయి, పేర్లు లేవు. టెన్సర్ పళ్ళెం వట్టి పళ్ళెమైపోయింది. 2023లో క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చినప్పుడూ అంతే. పనితనం అందరికీ పంచారు, జ్ఞాపకాన్ని మాత్రం ఆస్తిగా అట్టేపెట్టుకున్నారు. వ్యాపారపరంగా అది సబబే కావచ్చు. కానీ ఒక పిల్లవాడు తండ్రి ఎదుట కూర్చుని ఆడిన ఆటలోంచి పుట్టిన పేరు, చివరికి లాయర్లు కాపలా కాసే సరుకయింది.

పల్నాటి వీరులకి ఈ బెడద లేదు. బాలచంద్రుణ్ణీ కన్నమదాసునీ పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు; కారంపూడిలో ఏటా ఉత్సవం జరుగుతుంది. అయితే అక్కడా పాటకెక్కినవాళ్ళే మిగిలారు. వాళ్ళ వెనక నడిచిన కాల్బలం పేర్లు మనకెవరికి తెలుసు?

అందుకే ఈ ఆటలో వీరత్వాన్ని తేల్చేది పాచికలు కావని నా అభిప్రాయం. ఆ రాత్రి జరిగింది రాసిపెట్టేవాడి కలమే తేలుస్తుంది. బల్ల దగ్గర ఆ కలం పట్టినవారికి లైసెన్సు అడ్డం రాదు. ముందు నడిచిన ఓర్కుకి ఒక పేరు పెట్టడానికి పైసా ఖర్చు కాదు.