ఓడుతూ పెంచే విద్య

బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆట ఆడేవాళ్లలో అసలైన మొనగాడెవరో తెలియాలంటే అతని కప్పులు లెక్కపెట్టకండి. అతని సెంటర్ ఆటగాడికి పాసింగ్ ఎంత ఉందో చూడండి. ఏడడుగుల మనిషికి బంతి అందించడం నేర్పడానికి ఈ ఆటలో అడ్డదారి లేదు. అతణ్ణి పాయింట్ గార్డ్ స్థానంలో దింపి ఆడించాలి. బంతి చేజారుతుంది, మ్యాచ్ చేజారుతుంది, లీగ్ పట్టికలో జట్టు కిందికి జారుతుంది. అయినా వారం తర్వాత వారం అదే పని చేసే మేనేజర్లున్నారు. వాళ్ల మీద నాకున్నది భక్తి అనే చెప్పాలి.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాగితం మీద జట్టు కట్టే ఈ ఫాంటసీ సరదాకి 1980లో న్యూయార్క్‌లోని ఒక ఫ్రెంచ్ రెస్టారెంట్లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు బేస్‌బాల్ కోసం పురుడు పోశారంటారు. 1997లో స్వీడన్ నుంచి హ్యాట్రిక్ అనే ఫుట్‌బాల్ మేనేజర్ ఆట వచ్చింది. అదే దారిలో 2007లో బాస్కెట్‌బాల్‌కి బజర్‌బీటర్ వచ్చింది. ఇందులో లెబ్రాన్ ఉండడు, కరీ ఉండడు, ఆటగాళ్లంతా కల్పితం. దేశానికో లీగ్, అందులో అంచెలంచెలుగా డివిజన్లు. కోచ్ మీరే, యజమాని మీరే, స్టేడియంలో కుర్చీలు పెంచాలో వద్దో తేల్చేదీ మీరే. వారానికి మూడు మ్యాచ్‌లు, 14 వారాలకో సీజన్. సీజన్ తిరిగితే ప్రతి ఆటగాడికీ ఒక ఏడు నిండుతుంది. అంటే 18 ఏళ్ల కుర్రాణ్ణి తెచ్చి 25 ఏళ్లవాణ్ణి చేసేసరికి మీ జీవితంలో 98 వారాలు, దగ్గర దగ్గర రెండేళ్లు గడిచిపోతాయి.

ఆ రెండేళ్లలో చేసే పనే ఈ విద్యకు ప్రాణం. ఒక్కో ఆటగాడికి పది నైపుణ్యాలు: జంప్ షాట్, రేంజ్, బయటి డిఫెన్స్, హ్యాండ్లింగ్, డ్రైవింగ్, పాసింగ్, లోపలి షాట్, లోపలి డిఫెన్స్, రీబౌండింగ్, షాట్ బ్లాకింగ్. స్టామినా, ఫ్రీ త్రో, అనుభవం వేరే. వారానికి ఒక రకం శిక్షణే ఎంచుకోవాలి. ఆ శిక్షణకు చెందిన స్థానంలో ఆ వారం 48 నిమిషాలు ఆడినవాడికే పూర్తి ఫలం. మ్యాచ్‌కి 48 నిమిషాలు, మూడు మ్యాచ్‌లకు 144. కాబట్టి ఒక్క స్థానానికి శిక్షణ పెడితే దక్కేది ముగ్గురికే. రెండు స్థానాలకు పరిస్తే ఆరుగురికి అందుతుంది గానీ ఎదుగుదల మందగిస్తుంది. పొట్టివాడికి బయటి విద్యలు త్వరగా వస్తాయి, పొడుగువాడికి లోపలివి. వయసు పెరిగేకొద్దీ ఏదీ తొందరగా రాదు. మరోవైపు ఒకణ్ణే ఎక్కువసేపు ఆడిస్తే ఒంట్లో ఊపు తగ్గి ఫామ్ పడిపోతుంది. వారానికి 50 నుంచి 70 నిమిషాల మధ్య ఉంచమని పాతకాపులు చెప్పే మాట వేదవాక్కు. మీ కుర్రాడు ఆరో ఫౌల్ చేసి 41వ నిమిషంలో బయటికొచ్చాడనుకోండి, మిగిలిన ఏడు నిమిషాలకు వారంలోని ఇంకో మ్యాచ్‌లో చోటు వెతకాలి. ఆ ఏడు నిమిషాల కోసం మొత్తం జట్టు కూర్పు మార్చేసినవాళ్లు నాకు తెలుసు.

నాకు బాగా నచ్చిన ఒక మేనేజర్ పని చెబుతాను. ఆయన దగ్గర ఆరడుగుల రెండంగుళాల గార్డ్ ఉండేవాడు. బయటి డిఫెన్స్ అద్భుతం, పాసింగ్ సరేసరి. ఎవరైనా అక్కడితో తృప్తిపడతారు. ఈయన మాత్రం ఆ కుర్రాడికి లోపలి షాట్ నేర్పాలనుకున్నాడు. దానికోసం సెంటర్‌గా దింపాడు. శనివారం లీగ్ మ్యాచ్, ఎదుట ఏడడుగుల మనిషి. తెర మీద వ్యాఖ్యానం ఒక్కో వాక్యమే వస్తోంది: బంతి లోపలికి, షాట్, బుట్టలో, మళ్లీ బంతి లోపలికి, మళ్లీ బుట్టలో. మొదటి క్వార్టర్ అయ్యేసరికే మ్యాచ్ పోయిందని అందరికీ అర్థమైంది. ఆయన కుర్రాణ్ణి తీయలేదు. శుక్రవారం శిక్షణ ఫలితాల్లో లోపలి షాట్ పక్కన ఒకే ఒక్క మెట్టు పెరిగింది. అలాంటి మెట్లు పేర్చుకుంటూ పోయి, కొన్ని సీజన్ల తర్వాత అదే కుర్రాణ్ణి గార్డ్‌గా నిలబెట్టి, బంతిని లోపలికే నడిపించే లుక్ ఇన్‌సైడ్ పద్ధతి ఆడించాడు. ప్రత్యర్థి గార్డ్‌లకు లోపల ఆపడం రాదు. వాళ్ల మీద ఈ పొట్టివాడు పండగ చేసుకున్నాడు. ఆ మ్యాచ్ రిపోర్టు నేను ఇప్పటికీ తీసి చదువుకుంటాను.

ఈ శ్రమకు జీతాల లెక్కలోనూ ప్రతిఫలం ఉంది. ఆటగాడి జీతం అతని స్థానానికి ముఖ్యమైన నైపుణ్యాలను బట్టి తేలుతుంది. లోపలి షాట్, లోపలి డిఫెన్స్, రీబౌండింగ్ మూడే నింపిన సెంటర్‌కి జీతం ఆకాశాన్నంటుతుంది. మూడు సీజన్లు మోస్తే ఖజానా ఖాళీ. అదే సెంటర్‌కి పాసింగ్, హ్యాండ్లింగ్ కూడా నేర్పితే ఆ విద్యలకు జీతంలో పెద్దగా బరువు పడదు, మైదానంలో మాత్రం జట్టు ఆట నీళ్లలా సాగుతుంది. మార్కెట్లో కండలు చూసి కొనేవాడికీ, ఈ లోపలి పొందిక చూసి పెంచేవాడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఇక వ్యూహాలు. మేనేజర్ ముందున్న జాబితాలో ప్రతి పేరు వెనకా నిజమైన బాస్కెట్‌బాల్ గురువు ఒకడు కనిపిస్తాడు. రన్ అండ్ గన్ అనగానే నాకు పాల్ వెస్ట్‌హెడ్ గుర్తొస్తాడు. 1989-90లో ఆయన లయోలా మేరీమౌంట్ జట్టు మ్యాచ్‌కి సగటున 122.4 పాయింట్లు కొట్టింది. 2-3 జోన్ అంటే సిరక్యూస్‌కి 2003లో జాతీయ టైటిల్ తెచ్చిన జిమ్ బోహైమ్. ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటే 1964లో యూసీఎల్‌ఏకి మొదటి టైటిల్ తెచ్చిన జాన్ వుడెన్. బాక్స్ అండ్ వన్ చిన్నపిల్లల ఎత్తుగడ అనేవాళ్లకు 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో మ్యాచ్ చూపించాలి. రాప్టర్స్ కోచ్ నిక్ నర్స్ వారియర్స్ ఆటగాడు స్టెఫెన్ కరీ మీద ఒకణ్ణి కాపలా పెట్టి మిగతా నలుగుర్ని చతురస్రంగా నిలబెడితే, చివర్లో వారియర్స్ స్కోరు చాలాసేపు కదల్లేదు. ఆ మ్యాచ్ వారియర్స్ గెలిచినా టైటిల్ రాప్టర్స్‌దే.

నా పక్షం నేను దాచను. నేను ప్రిన్స్‌టన్ అఫెన్స్ మనిషిని. ఆ పద్ధతిని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 29 ఏళ్లు మలిచిన పీట్ కారిల్ 1996 మార్చిలో డిఫెండింగ్ చాంపియన్ యూసీఎల్‌ఏని 43-41తో పడగొట్టాడు. చివరి క్షణాల్లో డిఫెండర్ వీపు వెనక నుంచి కోసుకెళ్లి గేబ్ లెవలిస్ వేసిన ఆ లేఅప్ చూసినవాడు మరో పద్ధతిని ప్రేమించలేడు. బజర్‌బీటర్‌లోనూ ప్రిన్స్‌టన్ నెమ్మదిగా సాగుతుంది, పాసింగ్ బాగా ఉన్న జట్టుకే లొంగుతుంది. కొని తెచ్చిన జట్టుతో దాన్ని ఆడించాలని చూసినవాళ్లు బంతులు పోగొట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

వ్యూహం కుదిరినా మనసు కుదరాలి. ప్రతి మ్యాచ్‌కీ ఎంత కష్టపడాలో జట్టుకు చెప్పవచ్చు: తేలిగ్గా ఆడండి, మామూలుగా ఆడండి, ప్రాణం పెట్టండి అని. తేలిగ్గా ఆడితే ఉత్సాహం కూడుతుంది, ప్రాణం పెడితే ఖర్చవుతుంది. సీజన్ మధ్యలో చిన్న మ్యాచ్‌లు వదులుకుని ప్లేఆఫ్‌ల దాకా ఉత్సాహాన్ని కూడబెట్టడం మామూలు నిగ్రహం కాదు. మ్యాచ్ అయ్యాక స్కోరు చూసి లేచిపోయేవాడు ఏమీ నేర్చుకోడు. బాస్కెట్‌బాల్ గణాంకవేత్త డీన్ ఆలివర్ 2004లో తన పుస్తకంలో నాలుగు విషయాలు చూడమన్నాడు: షాట్లు ఎంత బాగా పడ్డాయి, బంతి ఎన్నిసార్లు పోయింది, తప్పిన షాట్లలో ఎన్ని మళ్లీ మనకే దొరికాయి, ఫ్రీ త్రోలు ఎన్ని వచ్చాయి. బజర్‌బీటర్ రిపోర్టును ఆ నాలుగు కళ్లతో చదవండి, ఓటమి ఎక్కడ పుట్టిందో వేలుపెట్టి చూపిస్తుంది.

ఇంత లోతున్న ఆటకు నేడు పట్టిన గతి చూస్తే కడుపు రగిలిపోతుంది. చిన్న దేశాల లీగ్‌లు తెరిస్తే మేనేజర్లు వదిలేసిపోయిన జట్లు. వాటిని కంప్యూటర్ బాట్‌లు నడుపుతున్నాయి; వాటిమీద గెలుపు గెలుపే కాదు. ఉన్నవాళ్లలోనూ పొద్దున కొని సాయంత్రం అమ్మే బేరగాళ్లు కొందరు. ఒక్క కుర్రాణ్ణీ పెంచకుండా డివిజన్లు ఎక్కేస్తారు. అది వ్యాపారం, మేనేజర్ పని ఎంతమాత్రం కాదు. ఇక ఫోన్లలో వచ్చే బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆటలు! ప్యాకెట్ కొను, చించి కార్డు తియ్యి, అదృష్టం బాగుంటే సూపర్‌స్టార్. డబ్బు పెట్టినవాడిదే గెలుపు. బజర్‌బీటర్‌లో డబ్బు కట్టి సపోర్టర్ అయితే గణాంకాలు, సౌకర్యాలు వస్తాయి. మీ సెంటర్ పాసింగ్ మాత్రం ఒక్క మెట్టు కూడా పెరగదు. ఆ నియమమే ఈ ఆట పరువు.

మన దగ్గర ఇంకో దౌర్భాగ్యం ఉంది. నేను లైనప్ పెట్టుకుంటుంటే మా మామయ్య వెనక నుంచి చూసి, "ఏరా, నువ్వు కూడా బెట్టింగుల్లో పడ్డావా?" అన్నాడు. "కాదు మామయ్యా, ఇందులో రూపాయి కూడా రాదు" అంటే, "మరెందుకురా?" అని వెళ్లిపోయాడు. ఆయన్ని ఏమీ అనలేను. ఫాంటసీ అనే పేరు పెట్టుకుని, ఒక్క రాత్రి మ్యాచ్‌కి పదకొండు మందిని ఎంచుకుని డబ్బు కాయించే యాప్‌లు ఇల్లిల్లూ తిరిగాయి. పందెం ఆటలకు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి అడ్డుకట్ట వేశాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు ఆటలన్నిటినీ నిషేధించే చట్టం తెచ్చాక పెద్ద యాప్‌లు నగదు పోటీలు ఆపేశాయి. ఆపేయడం మంచిదే. కానీ ఆ యాప్‌లు మా విద్య పేరును ఈడ్చుకుపోయి బురదలో ముంచాయి. రెండేళ్లు ఓపిగ్గా ఒక కుర్రాణ్ణి పెంచేవాణ్ణీ, ఒక రాత్రికి ఐదొందలు కాసేవాణ్ణీ ఒకే గాటన కడుతుంటే భరించడం కష్టం.

బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే పిల్లలు మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఉన్నారు, డాలస్‌లో, న్యూజెర్సీలో అర్ధరాత్రి దాకా ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూసే మనవాళ్లున్నారు. వాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే: ఒక జట్టు తీసుకోండి. మొదటి వారమే ఎక్కువ జీతం తినే ముసలి ఆటగాళ్లను అమ్మేయండి. పైకెదిగే అవకాశం ఎక్కువున్న 18 ఏళ్ల కుర్రాళ్లను ముగ్గుర్ని కొనండి, ముగ్గురినీ ఒకే స్థానానికి సరిపోయేలా చూసుకోండి. ముందు బయటి డిఫెన్స్ నేర్పండి, తర్వాత పాసింగ్. నిమిషాలు లెక్కపెట్టుకోండి. ఆ సీజన్‌లో కింది డివిజన్‌కి పడిపోయినా సరే, కుర్రాళ్లను మాత్రం అమ్మకండి.