ఒక తల్లి ముఖాన్ని గీసిన కలం

మాంగాలో నేరకథలకు కొదవ లేదు. శవాలు, డిటెక్టివులు, పారిపోయే హంతకులు కావలసినంత మంది. షూజో ఒషిమి ఆ సరంజామానంతా పక్కన పెట్టి, ఒక మామూలు ఇంట్లో తల్లీకొడుకుల మధ్య పదిహేడు సంపుటాల భయాన్ని నిలబెట్టాడు. ఆ రచన పేరు ‘చి నో వదాచి’. 2017 నుంచి 2023 దాకా షోగాకుకాన్ వారి ‘బిగ్ కామిక్ సుపీరియర్’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఇంగ్లీషులో ‘బ్లడ్ ఆన్ ది ట్రాక్స్’ పేరుతో దొరుకుతుంది.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. సెయిచికి పదమూడేళ్లు. తల్లి సెయికో అందగత్తె, కొడుకంటే ప్రాణం, వాడి మీద ఈగ వాలనివ్వదు. వేసవిలో బంధువులంతా కలిసి కొండెక్కుతారు. అక్కడ తండ్రి వైపు చుట్టాలబ్బాయి షిగెరుని ఆమె అంచు మీంచి తోసేస్తుంది. చూసినవాడు సెయిచి ఒక్కడే. పోలీసులు అడిగితే, కాలు జారి పడ్డాడని అబద్ధం చెబుతాడు. ఇదంతా మొదట్లోనే జరిగిపోతుంది. ఎవరు చేశారన్న ప్రశ్నకు ఇక చోటే లేదు. చూసినవాడు ఆ తర్వాత అదే తల్లి చేతి కూడు తింటూ ఎలా బతుకుతాడన్నదే మిగతా కథంతా.

ఆ కొండ ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు తిరగేసినా కొత్తగానే ఉంటుంది. అల్లరిగా అంచున విన్యాసాలు చేస్తూ షిగెరు తూలిపోతాడు. సెయికో పరుగున వెళ్లి పట్టుకుంటుంది, గుండెలకు హత్తుకుంటుంది. కాపాడింది! ఊపిరి పీల్చుకుంటాం. ఆ తర్వాతే తోస్తుంది. రక్షించిన చేతులే తోస్తాయి, రెండింటి మధ్యా ఆమె ముఖం. మామూలు చేతిలో పడితే అక్కడ కనుబొమలు ముడిపడేవి, పళ్లు బిగుసుకునేవి. ఒషిమి ఆ ముఖంలో కోపాన్ని పెట్టలేదు. కొడుకు వైపు తిరిగినప్పుడు ఆమె పెదవుల మీద చిరునవ్వు లాంటిది ఉంటుంది. పొద్దున్నే కొడుకుని లేపి, మాంసం బన్ను కావాలా తీపి బన్ను కావాలా అని అడిగిన ముఖం కూడా అదే. ప్రేమకు ఒక ముఖం, నేరానికి ఇంకొకటి గీసి ఉంటే పని సులువయ్యేది. ఒకే గీతలతో రెండూ పలికించాడు కాబట్టే ఆ తర్వాత ఆమె నవ్వినప్పుడల్లా మన వెన్ను జలదరిస్తుంది.

ఈ పని అతను మాటలతో చేయించడు. పుటల తరబడి సంభాషణ ఉండదు. ముఖం, కన్ను, మళ్లీ ముఖం. ఇలాంటి పుటల్ని చకచకా తిప్పేయడం తేలికే, కానీ అలా తిప్పితే కథ అందదు. తల్లి కళ్లలో ఇప్పుడేముంది, ఈ క్షణం ఏమనుకుంటోంది అని సెయిచి నిత్యం వెతుకుతూ ఉంటాడు. మాటల్లేని ఫ్రేముల ముందు మనమూ అదే పనిలో పడతాం. భయపడే పిల్లల చూపు మనకు అలవాటైపోతుంది. పదిహేను పుటల వివరణ చెయ్యలేని పని ఇది.

ఇక గీతల సంగతి. దగ్గర దగ్గరగా, ఓపికగా గీసిన సన్నని గీతలతోనే నీడలు కమ్ముకుంటాయి. సెయిచి మనసు బెదిరినప్పుడు లోకమే కరిగిపోతుంది: గోడలు, మనుషుల ముఖాలు చెదిరిన గీతలవుతాయి, మాటల బుడగల్లోని అక్షరాలు చదవరాకుండా పోతాయి. అబద్ధం చెప్పాక వాడికి నత్తి వస్తుంది. గొంతు దాటని మాటను బొమ్మలో చూపించడం ఎంత కష్టమో ఆలోచించండి.

రెండో నేరమనదగ్గది ఒక ఉత్తరం దగ్గర జరుగుతుంది. తోటి విద్యార్థిని ఫుకీషి రాసిన ప్రేమలేఖ తల్లి కంటపడుతుంది. ఆమె తిట్టదు, ఏడుస్తుంది. ఇద్దరం కలిసి చింపేద్దామంటుంది. నాలుగు చేతులు ఆ కాగితాన్ని పట్టుకుంటాయి. కొండ మీద ప్రాణం మీదికొచ్చింది షిగెరుకి, ఇక్కడ చినిగిపోయింది సెయిచి. నా దృష్టిలో కొండ ఘట్టం కంటే ఇదే భయంకరం, ఎందుకంటే ఇక్కడ వాడి చేతులు కూడా కలిశాయి. అదే ఇంట్లో తండ్రి ఇచిరో కూడా ఉంటాడు, మంచివాడే, ఏమీ పట్టనివాడు. అతన్ని దుర్మార్గుడిగా గీయకపోవడం కూడా నేర్పే.

ఒషిమి ఇంతకుముందు ‘అకు నో హానా’లో ఒక చిన్న దొంగతనంతో ఇద్దరు పిల్లల్ని విడదీయరాని ముడిలో బిగించాడు. అందులో కేకలున్నాయి, తిరుగుబాటుంది. ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించి, పట్టు బిగించాడు. చివరి సంపుటాల్లో సెయిచి నడివయసుకు చేరువవుతాడు, తల్లి ముసలిదవుతుంది. కొండ మీద నవ్విన ఆ ముఖానికే ముడతలు గీయాల్సి వచ్చినప్పుడు ఒషిమి ఎక్కడా జాలికి లొంగలేదు, కసీ తీర్చుకోలేదు. మొదటి పుటలో ఎంత శ్రద్ధగా చూశాడో అప్పుడూ అంతే శ్రద్ధగా చూశాడు.