ఇంజిన్‌కు తిత్తి కట్టడం

కొలిమిలో బొగ్గు ఎంత పోసినా గాలి అందకపోతే కర్రు ఎర్రబడదు. సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో నాగళ్లు నడిచిన రోజుల్లో, తొలకరికి ముందు రైతులు కర్రులు పట్టుకుని కమ్మరి కొలిమి దగ్గర వరస కట్టేవాళ్లు. అక్కడ జత తోలు తిత్తులుండేవి. ఒకటి నొక్కితే గాలి నిప్పులోకి పోతుంది, ఆలోపు రెండోది ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. ఊపిరి తెగదు. తిత్తి దగ్గర కూచున్న పిల్లవాడు హుషారెక్కి గబగబా ఊపితే, "మెల్లగ ఊదు బిడ్డా, కర్రు మాడిపోతది" అని వారించేవాడు కమ్మరి. గాలి అతిగా తగిలితే ఉక్కు అంచు నుంచి తెల్లటి రవ్వలు చిటపటమంటూ లేస్తాయి. అది ఉక్కే కాలిపోతున్న గుర్తు. అట్లా మాడిన అంచు సమ్మెట దెబ్బకు పొడిపొడిగా రాలుతుంది.

పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కు తక్కువ ఖర్చులో సూపర్‌చార్జర్ కిట్ తయారుచేయడం ఎట్లాగో నాకు అర్థమైంది ఈ తిత్తి వల్లనే. సూపర్‌చార్జర్ అంటే బెల్టుతో తిరిగే తిత్తి. ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ గాలిని సిలిండర్లలోకి తోస్తుంది. గాలి పెరిగితే దానికి తగ్గ పెట్రోలు కాలుతుంది, బలం పెరుగుతుంది. ఆ బలం కోసం ఎవరైనా ఊదగలరు. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య.

గాలిని అదుపులో పెట్టే విద్య మన నేలకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. 19వ శతాబ్దం తొలి రోజుల్లో ఆ కొలుములను చూసిన డాక్టర్ హెన్రీ వాయ్సే రాతలు 1832లో అచ్చయ్యాయి. మూస పగలకుండా, మంట తగ్గకుండా గంటల తరబడి సమంగా గాలి అందించిన ఆ చేతులకు పేర్లు మిగల్లేదు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆ చేతులు చేసిన పనిని యంత్రం చేసిన కథ ఇంకోటి ఉంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అన్నదమ్ములకు ఉన్ని మిల్లు ఉండేది. 1860లో వాళ్లు పేటెంటు పొందిన యంత్రం నిర్మాణం చాలా తేలిక: ఒక పెట్టె, అందులో ఎదురెదురుగా తిరిగే రెండు రెక్కలు. రెక్కలు ఒకదాన్నొకటి తాకవు. బయట ఉన్న పళ్లచక్రాలు వాటి మధ్య వెంట్రుకవాసి సందును కాపాడతాయి. అది లోహం కరిగించే కొలుములకు గాలిమరగా స్థిరపడింది. అంటే కారు బానెట్ కింద సూపర్‌చార్జర్‌గా కనిపించే ఈ బ్లోయర్ ముందు పనిచేసింది కొలిమి దగ్గరే.

గాలిని ఇంజిన్‌లోకి తోయాలన్న ఆలోచనకు గాట్లీబ్ డైమ్లర్ 1885లోనే పేటెంటు తీసుకున్నాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ బ్లోయర్ కార్లను పెట్టింది. వాటిలో ఒకదానికి తర్వాత స్థిరపడిన పేరు 6/25/40. చివరి రెండు సంఖ్యల్లోనే కథంతా ఉంది: బ్లోయర్ లేకుండా 25 హార్స్‌పవర్, బ్లోయర్ పట్టుకుంటే 40. తర్వాత బెంట్లీ. నాలుగున్నర లీటర్ల ఇంజిన్ ముందు బ్లోయర్ బిగిస్తే 110 హార్స్‌పవర్ 175 అయింది. కంపెనీ స్థాపకుడు డబ్ల్యు.ఓ. బెంట్లీకి ఆ పని నచ్చలేదు. 1929, 1930 లెమాన్స్ పందేలు గెలిచింది బ్లోయర్ లేని స్పీడ్ సిక్స్. బ్లోయర్ బెంట్లీలకు పేరు దక్కింది కానీ ఆ గెలుపు దక్కలేదు. చవక కిట్ చేయబోయేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ఇక అసలు పనికి వద్దాం. ఉదాహరణకు మాజ్దా ఎంఎక్స్-5 తీసుకుంటాను. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల చిన్న కారు పాత స్పోర్ట్స్ కార్లలో సూపర్‌చార్జర్ కిట్లకు బాగా అలవాటుపడ్డది. ఇంజిన్ 1.6 లీటర్లు, దాదాపు 115 హార్స్‌పవర్, కంప్రెషన్ నిష్పత్తి 9.4. దీనికోసం అమెరికాలో జాక్సన్ రేసింగ్ తెచ్చిన కిట్లో ఈటన్ కంపెనీ ఎం45 బ్లోయర్ ఉండేది. అదే ఎం45ను 2002 నుంచి 2006 దాకా మినీ కూపర్ ఎస్ కార్లలో ఫ్యాక్టరీలోనే బిగించారు. అందుకే తుక్కు యార్డుల్లో దొరుకుతుంది. కొత్తది కొనే స్తోమత లేనివాడికి దారి ఇక్కడే తెరుచుకుంటుంది.

యార్డులో దాన్ని చేతిలోకి తీసుకోగానే పుల్లీని వేళ్లతో తిప్పి చూడాలి. గరగరమంటే బేరింగు పోయింది. గలగలమంటే ముక్కు లోపలి కప్లింగ్ అరిగింది, అది మార్చుకోవచ్చు. లోపలికి టార్చి వేసి రెక్కల మీది పూత చూడాలి. మూడేసి రెక్కలు, 60 డిగ్రీల మెలికతో ఉంటాయి. పూత గీసుకుపోయి లోహం మెరుస్తుంటే దాన్ని అక్కడే వదిలేసి రావడం మేలు. ఇంకో చిక్కు ఉంది. మినీలో నీళ్ల పంపు ఈ బ్లోయర్ వెనక చివర నుంచే తిరుగుతుంది. మన కారుకు ఆ కొస అక్కర్లేదు, కానీ దాన్ని నూనె కారకుండా మూయాలి.

తర్వాత పుల్లీ లెక్క. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే 1.6 లీటర్ల ఇంజిన్ 800 సీసీ గాలికి చోటిస్తుంది. ఎం45 ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 737 సీసీ తోస్తుంది. రెండూ సమంగా తిరిగితే ఒత్తిడి నామమాత్రం. క్రాంక్ పుల్లీ 13.5 సెంటీమీటర్లు, బ్లోయర్ పుల్లీ 10 సెంటీమీటర్లు పెడితే క్రాంక్ 100 చుట్లకు బ్లోయర్ 135 తిరుగుతుంది. లీకులూ వేడీ లెక్కలోకి తీసుకుంటే ఉజ్జాయింపుగా 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి నిలుస్తుంది. బలం మూడో వంతు దాకా పెరగడానికి అది చాలు. బ్లోయర్ పుల్లీని ఇంకొంచెం చిన్నది చేయడానికి లేత్ మీద పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాల ఆశే చాలా పిస్టన్లను పగలగొట్టింది.

ఎందుకంటే నొక్కిన గాలి వేడెక్కుతుంది. సిద్దిపేటలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉందనుకోండి. 6 పీఎస్ఐ దగ్గర బ్లోయర్ నుంచి బయటికొచ్చే గాలి 100 డిగ్రీలకు చేరువవుతుంది. ఆ వేడికి, స్పార్క్ రగిల్చిన మంట చేరేలోపే పెట్రోలు అక్కడక్కడా తనంతట తాను అంటుకుంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటక వినిపిస్తుంది. ఆ నాకింగును అలక్ష్యం చేస్తే ముందు పిస్టన్ అంచు, తర్వాత రింగులు పోతాయి. విరుగుడు మూడు వైపుల నుంచి చేయాలి. స్పార్క్ టైమింగును ఒత్తిడికి తగ్గట్టు వెనక్కి జరపాలి, పీఎస్ఐకి ఒక డిగ్రీ చొప్పున మొదలుపెట్టొచ్చు. ఒత్తిడి ఉన్నప్పుడు 12 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అందాలి. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు వాడాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలైతే అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పోవాలి, పాత రబ్బరు గొట్టాలూ మార్చాలి.

ఖర్చు తగ్గించాల్సిన చోటు ఏదో, తగ్గించకూడని చోటు ఏదో ఇక్కడ తేలుతుంది. పాత బ్లోయర్ వాడొచ్చు. బ్రాకెట్టు ఊళ్లోని లేత్ షెడ్డులో మందపాటి రేకుతో చేయించొచ్చు. పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో ఉక్కు స్కేలు ఆనించి చూడొచ్చు. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా బెల్టు అంచు నూలుపోగుల్లా విడిపోతుంది. కానీ ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, గాలి-ఇంధనం పాళ్లు చూపే మీటరు, వీటి దగ్గర పైసా మిగిల్చినా ఇంజిన్ ఓవర్‌హాలింగుకు కట్టాల్సి వస్తుంది. వీటన్నిటికంటే ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. ముసలి ఇంజిన్ ఊపిరితిత్తులు చూడకుండా ఊదడం పాపం.

మన దేశంలో ఇంకో హద్దు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి ఇట్లాంటి కారు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి ట్రాక్ మీదికే పోవాలి. ఆర్సీ బుక్కుతో రోడ్డెక్కాల్సిన కారును ముట్టుకోకూడదు.

అన్నీ బిగించాక మొదటి పరుగు సగం యాక్సిలరేటర్ దాటకూడదు. ట్రాక్ మీద నాలుగు చుట్లు తిప్పి, ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి స్పార్క్ ప్లగ్గులు విప్పాలి. వాటిని వరసగా తెల్ల గుడ్డ మీద పెట్టి ఎండలో చూడాలి. పింగాణీ కొన బిస్కెట్ రంగులో ఉంటే ఇంధనం సరిపోయింది. నల్లటి మసి పడితే ఎక్కువైంది. కొన పాలిపోయి, మీద ఉప్పుగింజల్లా మెరిసే చుక్కలు కనిపిస్తే పిస్టన్ నుంచి అల్యూమినియం కరిగి వస్తోంది. కర్రు అంచు మీద రవ్వలు లేచిన క్షణం అదే. అప్పుడు బ్లోయర్‌కు పెద్ద పుల్లీ తెచ్చి మార్చాలి, మళ్లీ మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టాలి.