కదిలే గోడకో దండకం

నిలిచి ఉండే గోడకు పునాది ఉంటుంది. కింద భూమి, పక్కన మరో గోడ, పగులు పడితే పిలిచే దూరంలో మేస్త్రి. వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది, పండక్కి సున్నం వేయించుకుని కొత్తదవుతుంది. నీకు ఆ వైభోగం లేదు. నీ కింద నేల లేదు, చక్రాలున్నాయి. గుంత గుంతకీ ఓ చిన్న భూకంపం. ఎదురుగా లారీ దూసుకుపోయిన ప్రతిసారీ ఓ గాలివాన. రోజంతా అలా ఊగి వచ్చినా, రాత్రి బండి ఆగగానే నువ్వు ఇల్లయిపోవాలి. నీకు బిగించిన అలమర తలుపు సరిగ్గా మూసుకోవాలి, నీ పక్కన పసివాడు వెచ్చగా నిద్రపోవాలి. పరుగెత్తే ఇంటి గోడా, మోటార్‌హోమ్ మేనా, నీకు వందనం.

ఇద్దరు యజమానుల కొలువు నీది. ఇల్లు దళసరి అడుగుతుంది, బండి తేలిక అడుగుతుంది. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో నడిపే బండికి ఏళ్ల తరబడి గీసి ఉంచిన గీత 3,500 కిలోలు. ఇంజనూ, చాసిస్సూ, మంచమూ, పొయ్యీ, స్నానాలగదీ, ఎక్కే మనుషులూ అందరూ ఆ లెక్కలోనే. వంద లీటర్ల ట్యాంకు నింపితే అక్కడే వంద కిలోలు చెల్లు. అందరూ పంచుకోగా మిగిలిందే నీ వంతు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కాసే కాపలాని మూడు నాలుగు సెంటీమీటర్ల మందంతో కాయమన్నారు నిన్ను. కాస్తున్నావు. ఎలా కాస్తున్నావో చెప్పడమే నీ స్తోత్రం.

ముందు చెక్కకు మొక్కాలి. నీ వంశానికి మూలపురుషుడు వడ్రంగి. బద్దలు కోసి, చట్రం కట్టి, లోపలివైపు పల్చటి ప్లైవుడ్ కొట్టి, సందుల్లో థర్మాకోల్ కూరి, బయట అల్యూమినియం రేకు తొడిగాడు. చెక్క మంచిది. మేకును పట్టుకుంటుంది, స్క్రూను వదలదు, రోడ్డు కుదిపితే కాస్త వంగి సర్దుకుంటుంది. చేతి పనిముట్లతో మరమ్మతుకు లొంగుతుంది. ఇంకా ఎన్నో బండ్లలో చెక్కే నీ ఎముక.

కానీ చెక్కకు ఓ శత్రువు ఉంది. దానికి పళ్లు లేవు, గోళ్లు లేవు, తొందర అసలే లేదు. నీళ్లు. పైకప్పు అంచున వెంట్రుకవాసి సందు చాలు. కిటికీ చట్రం దగ్గర బిగువు తగ్గిన స్క్రూ చాలు. చుక్క లోపలికి దిగి, థర్మాకోల్ పక్కనుంచి జారి, కింది బద్దలో కాపురం పెడుతుంది. రేకు దాన్ని ఆరనివ్వదు. బయట తళతళలాడే బండి లోపల చెక్క వేలితో పొడిస్తే పొడి రాలే గతికి వస్తుంది. పైన పటారం, లోన లొటారం. నీ చరిత్రంతా ఈ ఒక్క చుక్కతో చేసిన యుద్ధమే.

ఆ యుద్ధంలోకి ఓసారి విమానం చేసే చేతులు వచ్చాయి. హాలీ బౌలస్ గ్లైడర్లు కట్టినవాడు. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన 'స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్' విమానం తయారవుతుంటే కర్మాగారంలో దగ్గరుండి పని చేయించినవాడు. అతను 1934లో 'రోడ్ చీఫ్' అనే, కారు వెనక తగిలించి లాగే బండిని అల్యూమినియం రేకులతో, రివెట్లతో కట్టాడు. ఆ దారినే వాలీ బయామ్ 1936లో తన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ నుంచి 'క్లిప్పర్' బండి తెచ్చాడు. గుండ్రటి భుజాలు, మూలలే లేని ఒళ్లు. మూల లేకపోతే గాలి కొట్టడానికి చోటుండదు, నీళ్లు నిలవడానికి చోటుండదు. పక్కటెముకలూ చర్మమూ కలిసి ఒకే బరువును మోస్తాయి.

ఒహాయో రాష్ట్రంలోని జాక్సన్ సెంటర్‌లో ఆ బండ్లు ఇప్పటికీ రివెట్లతోనే పుడుతున్నాయి. రెండు రేకులు ఒకదాని అంచు మీద ఒకటి పరుస్తారు. రంధ్రం వేస్తారు. రివెట్టు దూరుస్తారు. బయట ఒకరు గాలి సుత్తి పట్టుకుని నిలబడతారు. లోపల మరొకరు బరువైన ఉక్కు దిమ్మెను రివెట్టు తోకకు ఆనించి పట్టుకుంటారు. మధ్యలో రేకు, ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. టకటకమని సుత్తి మోగుతుంది, లోపల తోక నలిగి బొడిపెలా విచ్చుకుంటుంది. ఎక్కువ కొడితే రేకు సొట్ట పోతుంది, తక్కువ కొడితే అతుకు వదులు. బయటి చెయ్యి ఎప్పుడు ఆగాలో లోపలి చేతికి తెలియాలి. ఇలా ఒక్కో బండికి వేల రివెట్లు. గోడా, నువ్వు పుట్టకముందే నీకు ఇరువైపులా ఇద్దరి నమ్మకం ఉంది.

ఆ నమ్మకమే నిన్ను ఆకాశానికి పరిచయం చేసింది. 1969 జులైలో చంద్రుడి నుంచి తిరిగొచ్చిన ముగ్గుర్ని ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. వాళ్ల ఒంటిమీద తెలియని క్రిమి ఏదైనా వస్తే? మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ బండిలో ఉంచారు. లోపలి గాలి ఒత్తిడిని బయటికన్నా తక్కువగా నిలిపి, లోపలి ఊపిరి బయటికి పోకుండా కాశారు. వాళ్లను సముద్రంలోంచి ఎక్కించుకున్న హార్నెట్ నౌక మీద అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అద్దానికి అవతల నిలబడి మాట్లాడవలసి వచ్చింది. తర్వాత 1980ల నుంచి స్పేస్ షటిల్ యాత్రికుల్ని ప్రయోగ వేదిక దాకా చేర్చిన 'ఆస్ట్రోవ్యాన్' కూడా ఆ వంశపు మోటార్‌హోమే. మన కల్పనా చావ్లా 1997లోనూ, 2003లోనూ నింగికి ఎగరబోయే ముందు నేల మీద చేసిన చివరి ప్రయాణం ఆ వెండి గోడల మధ్యనే.

ఇప్పుడు గాజుకు మొక్కాలి. జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 దాకా చేసిన మోటార్‌హోమ్‌కు పై భాగం అల్యూమినియం, కింది భాగం ఫైబర్ గ్లాస్. ఇంజను బలం ముందు చక్రాలకే పోవడంతో అడుగున పొడవాటి షాఫ్టు లేదు, నేలమట్టానికి దగ్గరగా గచ్చు పరిచారు. రేకు వంగడానికి మొరాయించే వంపుల్లో గాజునార సులువుగా ఒదుగుతుంది.

ఫైబర్ గ్లాస్ పని అంతా తలకిందుల పని. గాజు పలక వెనక బొమ్మ వేసే చిత్రకారుడిలా, లోకానికి కనిపించే పైపూతను పనివాడు అందరికన్నా ముందు వేస్తాడు. నున్నటి అచ్చుకు మైనం రాసి, దాని మీద రంగు జెల్‌కోట్ చల్లుతాడు. అది సగం గట్టిపడ్డాక గాజునార చాప పరిచి, రెజిన్‌తో తడుపుతాడు. తెల్లటి చాప తడిసేకొద్దీ పారదర్శకమవుతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలితే అక్కడ గాలి చిక్కుకుందని అర్థం. గాడులున్న రోలర్‌తో నొక్కి నొక్కి ఆ బుడగను అంచుదాకా తరిమి బయటికి పంపుతాడు. గట్టిపడ్డాక అచ్చు నుంచి ఊడదీస్తే, నువ్వు మెరుస్తూ లేస్తావు. అతుకులు తక్కువ, తుప్పు లేదు, వడగళ్లు పడితే రేకంత తేలిగ్గా సొట్ట పోవు. దాచిన బుడగ మాత్రం ఏదో ఒక ఎండాకాలం పగిలి నిజం చెప్పేస్తుంది.

చెక్కకూ, రేకుకూ, గాజుకూ మొక్కాక అసలు దేవుడి దగ్గరికి వద్దాం. ఆయన పేరు జిగురు.

జర్మనీలోని బాడ్ వాల్డ్‌జేలో ఎర్విన్ హైమర్, ఎరిక్ బాహెమ్ కలిసి 1950ల చివర్లో చిన్న వెనక బండ్లు కట్టడం మొదలుపెట్టారు. బాహెమ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో 'నాటర్' అనే రాకెట్ విమానానికి రూపకల్పన చేసిన ఇంజనీరు. ఆ కర్మాగారమే తర్వాత మోటార్‌హోమ్‌లకు పెట్టింది పేరైంది. అక్కడ పెరిగిన పద్ధతిలో రెండు అల్యూమినియం రేకుల మధ్య పాలీయురెథేన్ నురుగు ఉంటుంది. చెక్క ఎముక అక్కర్లేదు.

ఆ నురుగు బరువెంత? చేత్తో ఎగరేయొచ్చు. రేకు బలమెంత? విడిగా పట్టుకుంటే గాలికి వణుకుతుంది. రెండు బలహీనతల్ని అంటించారు, గోడ పుట్టింది. నిన్ను వంచబోతే ఒక రేకు సాగాలి, ఇంకొకటి నలగాలి. రెండింటినీ నురుగు దూరంగా పట్టుకుని ఉంటుంది కాబట్టి రెండూ ఒప్పుకోవు. ఆ ఎడమే నీ బలం. రేకులు అవే ఉంచి వాటి మధ్య దూరం రెట్టింపు చేస్తే నీ బిగువు దాదాపు నాలుగు రెట్లవుతుంది, బరువు పెరిగేది ఆ కాస్త నురుగంతే. పైగా నిశ్చలంగా బంధించిన గాలే వెచ్చదనం కాబట్టి, బలమిచ్చిన ఎడమే దుప్పటి కూడా అవుతుంది.

పొరల్ని అంటించే వేళ చూడాలి. బల్ల మీద రేకు, రేకు మీద జిగురు, జిగురు మీద నురుగు పలక, మళ్లీ జిగురు, మళ్లీ రేకు. పైన రబ్బరు పొర కప్పి, లోపలి గాలి తోడేస్తారు. గాలి పూర్తిగా తీయగలిగితే చదరపు మీటరుకు పది టన్నుల బరువుతో వాతావరణమే వచ్చి నిన్ను అదిమిపెడుతుంది. ఆకాశాన్ని కూలికి పిలిచి కట్టిన గోడవి నువ్వు.

అయినా నీకు గర్వం చెల్లదు. ఏడు మీటర్ల అల్యూమినియం, చలికీ ఎండకీ మధ్య యాభై డిగ్రీల తేడా వస్తే, ఎనిమిది మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. బిర్రబిగిసిన అతుకు ఆ సాగుడుకు పగులుతుంది. అందుకే గోడకూ కప్పుకూ మధ్య రబ్బరులా సాగే సీలెంట్ పెడతారు. నురుగుకన్నా అల్యూమినియం వేడిని కొన్ని వేల రెట్లు ఎక్కువ దాటిస్తుంది కాబట్టి, బయటి లోహం లోపలి లోహాన్ని మూలల్లో తాకకుండా ప్లాస్టిక్ అడ్డుపెడతారు. తాకితే మంచు రాత్రి ఆ మూలే చెమర్చి, తరిమేసిన చుక్క లోపలే పుడుతుంది.

మన నేల మీదా నీకో బంధువు ఉన్నాడు. సినిమావాళ్ల క్యారవాన్ సంగతి కాదు నేను చెప్పేది. 1982లో ఎన్టీఆర్ ఓ పాత షెవ్రోలే వ్యాన్‌ను మార్పించి 'చైతన్య రథం' అన్నాడు. కొడుకు హరికృష్ణ నడిపాడు. దాని కప్పే వేదికయింది. 1983 జనవరి ఎన్నికల దాకా ఊరూరా ఆ కప్పెక్కి మాట్లాడిన మనిషి బరువును, చుట్టూ ఎగబడిన జనం తాకిడిని ఓ బండి మేను భరించింది. ఆ రేకుకూ ఓ దండం.

ఇక ఫలశ్రుతి. పాత మోటార్‌హోమ్ కొనబోయేవాడు వాన వెలిసిన మర్నాడు వెళ్లాలి. కిటికీల చుట్టూ, గుమ్మం దగ్గర గచ్చు మీద బొటనవేలితో నొక్కాలి, మెత్తగా దిగితే వెనక్కి తిరగాలి. అలమర తెరిచి వాసన చూడాలి, బూజు అబద్ధం ఆడదు. సాయంత్రం వాలు ఎండలో గోడ వెంట చూపు సాగించాలి, ఎక్కడ ఉబ్బు కనిపిస్తే అక్కడ జిగురు మాట తప్పిందని తెలుసుకోవాలి. నిచ్చెన వేసి కప్పు మీద సీలెంట్ పగుళ్లు లెక్కపెట్టాలి. మెరుగు చూసి మురిసినవాడికి మరమ్మతు బిల్లు దక్కుతుంది. అతుకు చూసి కొన్నవాడికి నడివాన రాత్రి పొడి పరుపు దక్కుతుంది. చక్రాల మీది సంసారానికి ఇంతకు మించిన మోక్షం లేదు.