కంప్యూటరుకు దొరకని ‘హైదరాబాద్’

అల్మాస్‌గూడలో నిలబడి హైదరాబాదు ఎక్కడని అడిగితే చిన్నపిల్లవాడైనా చెబుతాడు. కాని మా విద్యార్థులు నగరం చుట్టుప్రక్కల శిలలను గురించి వ్రాసిన చిన్న పుస్తకంలో ‘హైదరాబాద్’ అనే అధ్యాయం కంప్యూటరుకే దొరకలేదు. పాత మాకింటోష్ యంత్రంపై చక్కగా తెరుచుకున్న లంకె, కళాశాలలోని లినక్స్ యంత్రంపై తెరుచుకోలేదు. “తెలుగులో పేర్లు పెడితే ఇంతేనండీ” అన్నాడొక విద్యార్థి. ఆ మాట నిజమా?

పుస్తకం కూర్చినది పాండాక్‌తో. ఆజ్ఞలను టైపు చేసి నడిపే పనిముట్లలో ఇది ప్రసిద్ధం. తత్త్వశాస్త్రాచార్యుడైన జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో దీనిని వెలువరించారు. పాఠం యూటీఎఫ్-8 సంకేతంలోనే ఉండాలని ఇది ఖండితంగా చెబుతుంది. తెలుగువారికి ఇది మేలే. చిక్కు పాఠంలో లేదు, ఫైలు పేరులో ఉన్నది.

యూనికోడ్‌లో ‘హై’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానైనా వ్రాయవచ్చు, ఎత్వమూ దాని క్రింది గుర్తూ అనే రెండు సంకేతాలుగానైనా వ్రాయవచ్చు. కంటికి భేదం లేదు. కాని ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి గనుక, ‘హైదరాబాద్’ మొదటి రీతిలో 27 బైట్లు, రెండవ రీతిలో 30 బైట్లు అవుతుంది. ఆపిల్ సంస్థ 1998లో తెచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ప్రతి పేరునూ విడదీసి దాచుతుంది, వెదికేటప్పుడూ విడదీసే పోలుస్తుంది. అందువల్ల అక్కడ లోపం బయటపడదు. లినక్స్ సాధారణంగా బైట్లను ఉన్నవి ఉన్నట్లే పోలుస్తుంది. 27 బైట్ల పేరుతో వెదికితే 30 బైట్ల ఫైలు దొరకదు గదా! 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ విడదీయడం మానివేసింది. కాని పాత ఫైళ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

‘పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోండి’ అనేది తరచు వినబడే సలహా. చెప్పు సరిపోకపోతే కాలిని చెక్కుకొమ్మన్నట్లున్నది! ఇంతకంటె మంచి ఉపాయం కన్వ్‌ఎమ్‌వీ అనే పనిముట్టు. పేర్లన్నిటినీ ఒకే రీతికి మార్చివేస్తుంది. అయితే వ్యాధి తెలిసినవారికే ఆ మందు తెలుస్తుంది. గిట్ అనే పనిముట్టు 2012లోనే, మాక్ యంత్రాలపై విడిపోయిన పేర్లను తిరిగి కలిపే ఏర్పాటును తనలో చేర్చుకున్నది. పాండాక్ మాత్రం లంకెను రచయిత వ్రాసినట్లే అందిస్తుంది. తప్పు దానిది కాకపోవచ్చు. కాని ‘ఈ రెండు పేర్లు చూపుకు ఒకటే, లోపల వేరు’ అని ఒక్క హెచ్చరిక చేసినా మాకు ఒక రాత్రి శ్రమ తప్పేది.

పేరును ఒకే రీతికి మార్చగానే అధ్యాయం తెరుచుకున్నది. ఫైలు పేరు నేటికీ తెలుగులోనే ఉన్నది. లోపం భాషది కాదని ఆ విద్యార్థి తెలుసుకున్నాడు. పనిముట్టు చేసేవారు కూడా తెలుసుకోవాలి.