వెండితెరపై వకీలు

మన చలనచిత్రములలో ముద్దాయి పక్షమున వాదించు వకీలు తరచుగా రెండు రూపములలోనే కానవచ్చును. ఒకడు ధనాశచే హంతకుని విడిపించు కపటి. రెండవవాడు నిరపరాధిని కాపాడవచ్చిన వీరుడు. ఈ యిరువురి నడుమ నుండవలసిన నిజమైన వకీలు కనబడడు. ఇది కథాకల్పనలోని లోపము మాత్రమే యైనచో ఉపేక్షింపవచ్చును. కాని యిది చూపరుల న్యాయబుద్ధిని ప్రక్కదారి పట్టించుచున్నది.

2021లో వెలువడిన 'వకీల్ సాబ్' 2016 నాటి హిందీ చిత్రము 'పింక్' ననుసరించినది. స్త్రీ వలదన్నచో ఆ మాటకు తిరుగులేదను ధర్మమును చాటినందులకు అది శ్లాఘనీయమే. అయినను వాదబలముతోపాటు బాహుబలము గూడ చూపనిదే నాయకుడు రాణింపడని తలచిరి కాబోలు, తెలుగు కథలో పోరాటములను చేర్చిరి. 2025 నాటి 'కోర్టు' చిత్రము ఇంతకంటె సంయమనము గలది. పోక్సో చట్టము క్రింద చిక్కుకొన్న యువకుని కొరకు ఒక జూనియరు వకీలు సాక్షులను ప్రశ్నించుటయే అందు ప్రధానము. కాని ముద్దాయి నిర్దోషి యను నమ్మకమును రెండు చిత్రములును మనకు ఆదినుండియే కలిగించును. తత్ఫలితముగా నిర్దోషికే వకీలు కావలెనను భావము మనస్సున నాటుకొనును.

నిజమైన న్యాయాధిపతికి అట్టి సౌకర్యము లేదు. ఆయన యెదుట నుండునవి పోలీసుల కాగితములు, సాక్షుల మాటలు మాత్రమే. నేరము ఋజువైనదా లేదా యని తేలుటకు వానిని గట్టిగా ప్రశ్నించువా డొకడుండవలెను. అందుకే మన రాజ్యాంగము 22వ అధికరణమున అరెస్టయిన వానికి వకీలును పెట్టుకొను హక్కు నొసగినది. పేదలకు ఉచిత న్యాయసహాయము కల్పింపవలెనను 39-ఏ అధికరణము 1976లో చేర్చబడినది. 2022 చివర మన చెరసాలలలోని 5,73,220 మందిలో 4,34,302 మంది తీర్పు రానివారే. తెరపై కనబడు ధనికుడైన ముద్దాయికిని ఈ జనసమూహమునకును పోలిక యేమున్నది?

2019 నవంబరులో హైదరాబాదు చెంత ఒక పశువైద్యురాలు ఘోరముగా హతురాలయ్యెను. నిందితుల పక్షమున వాదింపబోమని షాద్‌నగరు న్యాయవాదులు నిశ్చయించిరి. అట్టి తీర్మానములు చెల్లవని సుప్రీముకోర్టు 2010లోనే చెప్పియుండెను. డిసెంబరు 6న నలుగురు నిందితులును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరని సుప్రీముకోర్టు నియమించిన సిర్పూర్కరు కమిషను 2022లో తేల్చెను. ఇదంతయు సినిమాల వలననే జరిగినదని యనరాదు. కాని ఆ పూలు చల్లిన చేతులు, తెరపై నాయకుడు దుష్టుని కూల్చినపుడు చప్పట్లు చరచిన చేతులే. విచారణ లేనందున దోషులెవరో న్యాయస్థానము చెప్పలేదు. ఆ యువతికి రావలసిన తీర్పును రాలేదు.

చదువరులు తమ పిల్లలతో చిత్రము చూచి వచ్చిన రాత్రి వారి నొక ప్రశ్న యడుగుదురు గాక: రేపు మన యింటివానిపైననే నేరము మోపబడి, ఊరెల్ల వానిని దోషి యన్నచో, వాని పక్షమున ఎవరు నిలువవలెను? ముద్దాయి దోషియో కాదో తనకును తెలియకయే తన ధర్మము నెరవేర్చు వకీలును చూపు చిత్రము వచ్చుననియే మన ఆశ.