చెవి దిద్దే కవిత

కరీంనగర్‌లో తెలంగాణ రచయితల వేదిక కవులు 2013లో ఒక పని మొదలుపెట్టారు. పున్నమి పున్నమికి ఎవరో ఒకరి ఇంటి డాబా మీద కూర్చుని, కొత్తగా రాసుకున్న కవితలు ఒకరికొకరు చదివి వినిపించుకోవడం. దానికి పెట్టుకున్న పేరు 'ఎన్నీల ముచ్చట్లు', అంటే వెన్నెల కబుర్లు. చదివిన కవితలను చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చు వేసుకున్నారు కూడా.

తెలుగునాట కవి సమ్మేళనాలకు కొదవ లేదు. ఉగాది వస్తే ప్రతి ఊళ్లోనూ ఒకటి జరుగుతుంది. వాటన్నిటి మధ్య ఈ డాబా కూటాన్ని విడిగా చూడాలనిపించేది దాని కట్టుబడి వల్ల. కవితను చెవికి చేర్చడానికి ఏం కావాలో అదే ఉంచి, మిగతాదంతా తీసేసిన పనితనం అది.

మొదట పున్నమి సంగతి. 'నెలలో రెండో ఆదివారం' అని పెట్టుకుంటే ఎవరో ఒకరు అందరికీ గుర్తుచేస్తూ ఉండాలి. పున్నమికి ఆ బాధ లేదు. సుమారు 29న్నర రోజులకోసారి దానంతట అదే వస్తుంది, తలెత్తితే కనిపిస్తుంది. అది ఏ వారమైనా పడొచ్చు. అందుకే పగటి ఉద్యోగాలు ముగిశాక, అన్నాలు తిన్నాక రావాల్సిందే. బడి పంతులూ, బ్యాంకు గుమాస్తా, కాలేజీ పిల్లా ఒకే వేళకు ఖాళీ అవుతారు. నాకు ఇంకా నచ్చేది గడువు. అమావాస్య దాటి నెలవంక కనబడిందంటే, చేతిలో కొత్త కవిత లేనివాళ్లకు గుబులు మొదలవుతుంది. పత్రికకు పంపే కవితకు ఇలాంటి తేదీ ఉండదు కనుక అది నెలల తరబడి నోటుబుక్కులో నానుతుంది. ఇక్కడ చంద్రుడు పెరుగుతుంటే కవిత కూడా ఒక కొలిక్కి రాక తప్పదు. ఆషాఢ శ్రావణాల్లో మబ్బు పడితే చాప కిందికి దిగుతుంది, అంతే.

డాబా చేసే మేలు వేరు. మామూలు సభలో కవిత దాకా రావడానికి చాలా మెట్లు ఎక్కాలి. జ్యోతి వెలిగించాలి, అతిథుల్ని వేదిక మీదికి పిలవాలి, శాలువాలు కప్పాలి, అధ్యక్షుల వారు తొలిపలుకు, మలిపలుకు పలకాలి. కవుల వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, ఒక్కొక్కరికి మూడేసి నిమిషాలంటారు. అలిసిపోయిన చెవికి ఎంత మంచి కవితైనా అందదు. షత్రంజీ పరుచుకున్న డాబా మీద వేదిక అనేదే ఉండదు కాబట్టి చదివేవాళ్లూ వినేవాళ్లూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. మధ్య దూరం రెండు మూడు బారలు. మైకు అక్కర్లేదు.

మైకు లేకపోవడం కవితనే మార్చేస్తుంది. మైకు ముందు నిలబడ్డ కవికి తెలియకుండానే గొంతు పెరుగుతుంది. గొంతు పెరిగితే పాదం చివర నినాదం వచ్చి కూర్చుంటుంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో తెలంగాణకు నినాదం కావాలి, ధూంధాం ఆటపాటల వేదికలు ఆ పనిని గొప్పగా చేశాయి. ఈ కూటాలు మొదలైన కాలం కూడా మామూలుది కాదు. 2013 జూలై 30న కాంగ్రెస్ కార్యవర్గం తెలంగాణకు తీర్మానం చేసింది, 2014 ఫిబ్రవరిలో బిల్లు పార్లమెంటు దాటింది, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వీధంతా అంత పెద్ద గొంతుతో మాట్లాడుతున్న వేళ, తగ్గు గొంతుతో చెప్పాల్సిన మాటలకు కూడా ఒక చోటు కల్పించడం ముందుచూపు ఉన్న పని అని నా నమ్మకం. ఉద్యమ కవితకూ ఇంటి లోపలి కవితకూ ఒకే రాత్రి, ఒకే షత్రంజీ మీద చోటు దొరికింది.

ఇక చదవడంలోని పనితనం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. పుస్తకంలో చదివేటప్పుడు కన్ను కిందికి జారి ఆ క్రియను ముందే పట్టేసుకుంటుంది. చెవికి ఆ దొంగదారి లేదు. కర్త వచ్చాక, కర్మ వచ్చాక, విశేషణాలన్నీ వచ్చాక కూడా ఏం జరిగిందో తెలియక శ్రోత ఊపిరి బిగబట్టుకుని ఉండాలి. బాగా చదివి వినిపించే కవికి ఈ కిటుకు తెలుసు. పాదాన్ని ఎక్కడ విరిచి ఆగాలో, క్రియను ఎన్ని పాదాలు దాచి ఉంచొచ్చో లెక్క ఉంటుంది. మరీ ఎక్కువ దాస్తే వినేవాళ్లు మొదటి మాట మరిచిపోతారు.

కరీంనగర్ వైపే ఇలాంటి ఒక కూటంలో ఒక అమ్మాయి బీడీలు చేసే తల్లి మీద రాసుకొచ్చిన కవిత చదివింది. ఆ జిల్లా ఊళ్లలో ఇళ్ల అరుగుల మీద ఇప్పటికీ కనబడే పనే అది. మొదటి చరణమంతా వస్తువులే: చాట, తడిపిన తునికాకు, కత్తెర, తంబాకు, దారపు ఉండ. ఒక్కొక్క మాట తర్వాత ఆగుతూ, ఆ వస్తువును నేల మీద పెట్టి చూపిస్తున్నట్టు చదివింది. తర్వాత వేళ్లు. ఆకు చుట్టే వేళ్లు, మూతి మడిచే వేళ్లు. తర్వాత సాయంత్రం, పిల్లల ఫీజు, లెక్క తగ్గిన కట్టలు. అప్పటికి ఎనిమిది పాదాలు అయ్యాయి, ఒక్క పూర్తి క్రియా రాలేదు. అమ్మ ఏం చేసింది? ఏడ్చిందా, లేచిందా, తిట్టిందా? అందరం ఎదురుచూస్తుంటే తొమ్మిదో పాదంలో ఒంటరిగా ఒకే మాట: దగ్గింది.

దాని తర్వాత ఇంకో రెండు పాదాలు ఉన్నాయి. తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎలా పేరుకుంటుందో చెప్పే పాదాలు. ఆమె అవి కూడా చదివి ముగించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "బిడ్డా, దగ్గింది అన్నకాడ ఆపెయ్యి. అటెన్క మాకు ఎరికే." ఆ అమ్మాయి కాగితం వంక కాసేపు చూసుకుంది. పక్కనున్నవాళ్ల జేబులోంచి పెన్ను తీసుకుని ఆ రెండు పాదాలూ కొట్టేసింది. "మళ్లొక్కసారి" అన్నారు ఇద్దరు ముగ్గురు. ఈసారి 'దగ్గింది' దగ్గర ఆగింది. కవిత అప్పుడు పూర్తయింది. సంపాదకుడి ఉత్తరం నెలకు చేసే పనిని నలుగురు వినేవాళ్లు రెండు నిమిషాల్లో చేశారు. అదీ కవి మనసు నొచ్చుకోకుండా.

'మళ్లొక్కసారి' అనే ఆ అలవాటు వెనక ముషాయిరా ఉంది. ఉర్దూ కవి సమ్మేళనమైన ముషాయిరాలో షాయర్ రెండు పాదాల షేర్‌లోని మొదటి మిస్రాను, అంటే మొదటి పాదాన్ని, రెండు మూడు సార్లు చదువుతాడు, సభ దాన్ని అందుకుని తిరిగి అంటుంది, అప్పుడు రెండో మిస్రా దించుతాడు. పాదం చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట రదీఫ్ దగ్గరికి వచ్చేసరికి సభే అతనితో గొంతు కలుపుతుంది. తెలంగాణ తెలుగు కవులు ఈ విద్యను దగ్గరి నుంచి చూసినవాళ్లు. దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నాడు. చిన్ననాట విన్న హరికథలూ జంగం కథలూ ఒకవైపు, ఉర్దూ మరోవైపు. తెలుగు గజళ్లు రాసి, సభల్లో తానే పాడి వినిపించేవాడు. 'విశ్వంభర'కు వచ్చిన జ్ఞానపీఠం గురించి అందరూ చెబుతారు. పాదాన్ని రెండోసారి పలుకుతూ సభను ఎలా దగ్గరకు లాక్కునేవాడో కూడా కవులు నేర్చుకోవాల్సిన పాఠమే.

అయితే వచన కవితకు రదీఫ్ లేదు. ముషాయిరాలో శ్రోత రాబోయే మాట తెలిసి ఎదురుచూస్తాడు. తెలుగు వచన కవిత వినేవాడు ఏ క్రియ వస్తుందో తెలియక ఎదురుచూస్తాడు. రెండు ఎదురుచూపులూ రెండు రకాల పనితనాలు. ముషాయిరా అలవాటును గుడ్డిగా తెచ్చి ప్రతి పాదాన్నీ రెండుసార్లు చదివితే వచన కవిత సాగదు, దాచిన క్రియ కూడా ముందే బయటపడుతుంది. చేయి తిరిగినవాళ్లు చరణంలో మొదటి పాదాన్ని మాత్రమే రెండోసారి అంటారు. ఇల్లు చూపించి, తలుపు మాత్రం వేసే ఉంచినట్టు.

ఉచ్చారణ కూడా చూడండి. పుస్తక భాషలో 'వస్తున్నాడు' అన్నచోట ఇక్కడి నోట 'వస్తున్నడు' అవుతుంది. ఒక దీర్ఘం తగ్గితే పాదం నడక వేగమవుతుంది. ఇంట్లో మాట్లాడినట్టు రాసిన కవితను సభా మర్యాద కోసం సాగదీసి చదివితే ఆ నడక చెడుతుంది. పరాయి గొంతు ఎరువు తెచ్చుకోకుండా తమ ఊరి నోటితోనే చదవాలన్న పట్టుదల, వెన్నెలను 'ఎన్నీల' అన్న ఈ కూటం పేరులోనే కనబడుతుంది.

ఒక్క అలవాటు మాత్రం ఎక్కడ చూసినా నాకు బాధ కలిగిస్తుంది. కవిత చదవబోతూ దాని నేపథ్యం చెప్పడం. ఏ సంఘటన చూసి రాశారో, ఎవరి గురించి రాశారో, చివరి పాదంలో ఏం ఉద్దేశించారో అంతా ముందే విప్పేశాక ఇక వినడానికి ఏం మిగులుతుంది? డాబా మీద ఎదురుగా కూర్చున్నది మిత్రులే కాబట్టి ఈ కబుర్లకు చనువు ఇంకా ఎక్కువ. పేరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, మొదటి పాదం ఎత్తుకునే కవిని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

సముద్రాలు దాటిన తెలుగువాళ్లు కూడా ఇలా నెలనెలా కలిసి కూర్చుంటున్నారు. డల్లాస్‌లో టాంటెక్స్ అనే తెలుగు సంఘం వాళ్ల 'నెల నెలా తెలుగు వెన్నెల' ఏళ్ల తరబడి సాగుతోంది. కాలిఫోర్నియాలో డాక్టర్ కె.గీత 2012లో మొదలుపెట్టిన 'వీక్షణం' నెలనెలా అక్కడి రచయితలను కూర్చోబెట్టి వాళ్ల రచనలు చదివిస్తోంది. డాబా బదులు హాలు, షత్రంజీ బదులు సోఫా కావొచ్చు. క్రమం తప్పకపోవడమే అక్కడా అసలు బలం.

కరీంనగర్ వాళ్లు అచ్చు వేసుకున్న చిన్న పుస్తకాలు విలువైనవి. ఒక నెల ఒక ఊరి కవులు ఏ ఆలోచనలతో ఉన్నారో వాటిలో నమోదై ఉంది. కానీ ఆ పేజీల్లో ఆగిన చోట్లు లేవు, రెండోసారి పలికిన పాదం లేదు, "అటెన్క మాకు ఎరికే" అన్న మనిషి లేడు. ఇప్పుడు డాబా మీద అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంది. కాగితం మీద వెలుగు కోసం వెన్నెల చాలక ఎలాగూ దాన్ని తీస్తున్నారు. అదే ఫోన్‌లో ఒకరు గొంతులను కూడా రికార్డు చేసి, నెల పేరూ కవి పేరూ వేసి, పుస్తకంతో పాటు దాచితే బాగుంటుంది. కొట్టేయకముందు చదివిన పాఠమూ, కొట్టేశాక చదివిన పాఠమూ రెండూ దాచాలి. కొత్తగా రాయడం మొదలుపెట్టే పిల్లలకు వ్యాకరణం పుస్తకం కన్నా ముందు ఆ రెండూ పక్కపక్కన పెట్టి వినిపించాలి.